బ్రెయిల్ రచనల పోటీ: న్యాయనిర్ణేత చదివేది ఎవరి ప్రతిని?

హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదానికొకటి ఆనుకొని ఉన్న పేటలు. త్యాగరాయ గానసభలో సాహిత్య సభలు, నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగార్థుల చదువులు, చుట్టూ కళాశాలలు, శిక్షణ కేంద్రాలు. చూపులేని యువత రాసినదాన్ని విలువకట్టే రెండు పద్ధతులూ ఇక్కడి విద్యావంతులకు తెలిసినవే. ఒకటి పరీక్ష. అభ్యర్థి చెబుతాడు, స్క్రైబ్ రాస్తాడు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇచ్చాయి. అక్కడ జవాబు సరిపోతే చాలు, రాసిన చేయి ఎవరిదైనా ఒకటే. రెండవది సృజనాత్మక రచనల పోటీ. ఇక్కడ పదం, విరామం, పేరా విరుపు అన్నీ రచయితవే కావాలి. కనుక బాలలు గుచ్చిన బ్రెయిల్ కాగితమే మూలప్రతి; లిప్యంతరీకరణ దాని అనువాదం వంటిది. న్యాయనిర్ణేతలు అనువాదాన్నే మూలంగా భావించడంలో చిక్కంతా ఉంది.

తెలుగు బ్రెయిల్, 1951లో రూపొందిన భారతి బ్రెయిల్‌లో భాగం. ఇందులో గుణింతపు గుర్తులు వేరుగా లేవు. హల్లు తరువాత అచ్చునే రాస్తారు. ఒత్తు కిందికి దిగదు. సంయుక్తాక్షరానికి ముందే నాలుగవ చుక్క వస్తుంది. అచ్చులో రెండక్షరాల ‘రాష్ట్రం’ బ్రెయిల్‌లో ఎనిమిది గడులు ఆక్రమిస్తుంది. ‘రెండు పుటలు మించరాదు’ అనే నియమం తత్సమ పదాలు వాడిన పిల్లలకు తెలియకుండానే శిక్ష అవుతుంది.

అంతకంటే సూక్ష్మమైనది దోషాల సంగతి. స్లేటు, స్టైలస్‌తో రాసేటప్పుడు కుడినుంచి ఎడమకు గుచ్చి, కాగితం తిప్పి చదువుతారు. అద్దంలో బొమ్మవలె తారుమారయ్యే జంటలు ఇందులో ఉన్నాయి. హకారం 1, 2, 5 చుక్కలు; జకారం 2, 4, 5. వాన ‘జల్లు’ వాన ‘హల్లు’ అయితే అది చేతి పొరపాటని ఎవరైనా గుర్తిస్తారు. ఇకారం 2, 4 చుక్కలు, ఏకారం 1, 5 కావడం వల్ల వచ్చే తారుమారు అంత సులువుగా దొరకదు. ‘ఇంటికి వెళ్లాడు’ అన్నది ‘ఇంటికే వెళ్లాడు’గా మారవచ్చు. రెండూ శుద్ధమైన తెలుగే. రెండవదానిలో ఒక నిశ్చయం, ఒక మొండితనం ఉన్నాయి. అది పాత్ర స్వభావమా, స్టైలస్ జారుడా? లిప్యంతరీకర్త తనకు తోచినట్లు సరిదిద్ది శుభ్రమైన ప్రతి ఇస్తే, ఆ ప్రశ్న అడిగే అవకాశమే న్యాయనిర్ణేతకు మిగలదు. ముద్రిత రచనకు పాఠ పరిష్కరణలో చూపే జాగ్రత్త ఒక పిల్లవాడి కథకు దక్కకపోవడానికి కారణం కనిపించదు.

రచనను పైకి చదివించి వినడం ప్రత్యామ్నాయంగా తోస్తుంది. తెలుగువారికి అవధానం ఉంది. కాగితం లేకుండా పద్యాన్ని చెవితో తూచే పృచ్ఛకుల సంప్రదాయం ఉంది. కానీ అవధాని పద్యం చెవికోసమే పుట్టింది. బ్రెయిల్ రచన అలా కాదు. వేలితో చదివేవారు వర్ణక్రమాన్ని, పంక్తిని, ఖాళీని తాకుతారు. కావాలంటే వెనక్కి మళ్లుతారు. పైకి చదివే గొంతు ఆ ఖాళీలను తన అభినయంతో నింపుతుంది. చూపులేనివారి రచన గనుక శ్రవ్యమే అనుకోవడం ఒక తొందరపాటు.

ఇతివృత్తాల విషయంలోనూ ఇటువంటి తొందరపాటే ఉంది. 1922లో ఆరంభమైన జపాన్ పత్రిక ‘బ్రెయిల్ మైనిచి’తో కలిసి ఆన్‌క్యో సంస్థ 2003లో నెలకొల్పిన వ్యాసరచన పోటీ ఇతర ప్రాంతాలకూ విస్తరించింది. బ్రెయిల్‌కు ప్రాధాన్యం ఇవ్వడం దాని బలం. అయితే దాని ఐరోపా విభాగపు అంశాలు ఎక్కువగా బ్రెయిల్ చుట్టూ, అంధత్వం చుట్టూ తిరిగాయి. వ్యాసానికి అది కొంత నప్పవచ్చు. కథకు, కవితకు అదే కొలత అయితే, దొంగల కథో దెయ్యం కథో రాసిన అమ్మాయి వెనుకబడి, తన చీకటిని గురించి రాసిన అబ్బాయి ముందుకు వస్తాడు. ఆ బహుమతి రచనకు కాక జాలికి దక్కినట్లే. రంగుల వర్ణన కనబడగానే ‘చూడకుండానే ఎంత బాగా రాశారు!’ అని మార్కులు వేయడం కూడా ఈ కోవలోనిదే. చూపున్న కవులలో చాలామంది పద్మాన్ని కావ్యాలలోనే చూశారన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు.

న్యాయనిర్ణేతలలో కనీసం ఒకరు బ్రెయిల్‌ను వేలితో చదివేవారై ఉండడం వీటిలో చాలావాటికి ఆచరణ సాధ్యమైన పరిష్కారం. లిప్యంతరీకర్త ఏదీ సరిదిద్దక, సందేహమున్నచోట గుర్తు పెట్టాలి. ‘ఇంటికే’ పక్కన ఆ గుర్తు కనబడినప్పుడు బల్లమీది మూలప్రతిని ఆ న్యాయనిర్ణేత చేతికి అందిస్తారు. మిగిలిన కథలో ఆ పాత్ర ఇంకెక్కడైనా మొండికేసిందేమో అప్పుడు అందరూ కలిసి వెతకవచ్చు.