కోకు, బోటు, కారు, డాకు

అష్టావధానంలో నాకు అన్నిటికన్నా ఇష్టం దత్తపది. ప్రశ్న వేసే పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు, దేని మీద పద్యం కావాలో చెబుతాడు. అవధాని పాదానికో మాట పొదిగి పద్యం చెప్పాలి. ఇచ్చినవి ఇంగ్లీషు మాటలైతే మరో కట్టుబాటు కూడా ఉంటుంది: వాటి ఇంగ్లీషు అర్థం పద్యంలోకి రాకూడదు. అక్షరాలు అవే ఉండాలి, అర్థం మాత్రం తెలుగుది కావాలి. అదీ ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదంగా, నడుమ మిగతా ఏడుగురు పృచ్ఛకులకూ జవాబిస్తూ. ఆఖరున నాలుగు పాదాలూ కలిపి ధారణ, అంటే గుర్తుంచుకుని అప్పజెప్పడం.

ఈ ఆటలో తరచు వినపడే మాట కారు. మోటారు కారు పుట్టకముందు, 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనే దానికి అర్థాలున్నాయి. వానొస్తే ఇంటి కప్పు కారుతుంది. పరాయివాళ్లు మనవారు కారు. నలుపును చెప్పి కారుచీకటి, కారుమబ్బు అవుతుంది, అడవిలో రగిలితే కారుచిచ్చు అవుతుంది, రుతువును చెబితే తొలకారు. నోటి దురుసుకు కారుకూతలు ఉండనే ఉన్నాయి. చిత్రకారుల్లో, అధికారుల్లో, షావుకారులో అది కనపడకుండా కూర్చుంటుంది. మన విశాఖ ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లోది, అక్కడా ఉంది కారు. ఇన్ని దారులున్న మాట ఇస్తే అవధానికి ఊపిరాడుతుంది.

1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ రాకతో విశాఖ పోర్టు తెరుచుకుంది. ఆనాటి నుంచి ఈ ఊరికి డాకు, క్రేను, బెర్తు ఇంటి మాటలు. ఉక్కు కర్మాగారం వచ్చాక కోకు వచ్చి చేరింది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి చేసే ఆ కోకు లేనిదే బ్లాస్ట్ ఫర్నేసు నడవదు. ఫిషింగ్ హార్బరులో బోటు ఎలాగూ ఉంది. హల్లుతో ఆగే మాటకు చివర ఉకారం చేర్చి మనం సొంతం చేసుకుంటాం కదా, దత్తపదికి దొరికే మొదటి సాయం అదే.

ఈ ఊరి మాటలు నాలుగు తీసుకుని, రావణుడికి మండోదరి హితవు చెబుతున్నట్టు తేటగీతిలో కూర్చాను:

సీతఁ గోరుకోకు వినుము చెడును లంక
బోటు లెందరో లేరె నీ పురమునందు
నరులు కారు వారిరువురు నాథ నమ్ము
బుద్ధి నిలుపు మారేడాకు పూజయందు

మొదటి పాదంలో కోకు వద్దనే మాటకు తోక అయింది. బోటి అంటే ఆడది, బహువచనం బోటులు. రామలక్ష్మణులు మామూలు మనుషులు కారు. నాలుగో మాట దగ్గరే కాసేపు ఆగాను. డాకు అనగానే ఎవరికైనా ముందు తట్టేది విడాకులు. మండోదరి నోట ఆ మాట రానివ్వలేం. రావణుడు శివభక్తుడని గుర్తొచ్చాక మారేడు తట్టింది. మారేడు, ఆకు కలిసేచోట ఉకారం జారిపోయి డాకు బయటపడింది. చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన ఉత్వసంధి ఇంత పని చేస్తుందని ఏ పరీక్షా నాకు చెప్పలేదు.

లొంగని మాటలూ ఉన్నాయి. బస్సు చూడండి. నభస్సు, అంభస్సు దగ్గరిదాకా వచ్చి ఒత్తు భ దగ్గర ఆగిపోతాయి. స్టీలు మరీ మొండిది. ఇష్టం, కష్టం, సృష్టి అన్నీ ష్ట, స్ట కాదు. పోర్టులోని ర్టు కూడా అంతే. ఇలాంటివి ఏరికోరి ఇచ్చి అవధానిని నిలబెట్టేసి సంతోషపడే పృచ్ఛకులంటే నాకు గౌరవం లేదు. ఇచ్చే మాటను ముందు తాను ఒక పాదంలో పెట్టి చూసుకోవడం పృచ్ఛకుడి బాధ్యత. సభ నవ్వుతుందని సినిమా తారల పేర్లు ఇవ్వడం కూడా నాకు నచ్చదు. ఆ నవ్వులో పద్యం ఎవరికీ వినపడదు.

తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాన్ని జనంలోకి తెచ్చారు. ఇప్పుడు ఆ విద్యను పండితుల సభలకే వదిలేశాం. దత్తపదికి మాత్రం సభ అక్కర్లేదు. పోర్టు గేటు దగ్గరో, గాజువాక బస్టాపులోనో రోజూ నోట నలిగే నాలుగు మాటలు తీసుకుని ఇంట్లో పిల్లలకు ఇవ్వండి. ఛందస్సు రాకపోతే ఉత్త వాక్యాల్లోనే ఇమిడ్చి చూడమనండి. యతి, గణాలు తర్వాత నేర్చుకోవచ్చు.