ఏరిత్ మరణము - కర్తృత్వవిచారము

కావ్యమును వినువాఁడును, నాటకమును జూచువాఁడును గథాగతికి బాహ్యులు. జపానుదేశమున నభివృద్ధినొందిన పాత్రధారణక్రీడలందు మాత్రము క్రీడాకారుని చేయి కదలనిదే కథ సాగదు. ఇట్టి వీడియో గేములు 1986 సంవత్సరమున యూజీ హొరీయీ రూపొందించిన డ్రాగన్ క్వెస్టు మూలమున నచట బహుజనాదరమును బొందినవి. వీనియందుఁ బాత్రలయెడఁ బుట్టు మమత రసమునకు దారితీయునా, లౌకికాభిమానముగనే నిలుచునా యనునది విచార్యము.

స్క్వేర్ సంస్థవారు 1997 సంవత్సరమునఁ బ్రకటించిన ఫైనల్ ఫాంటసీ సెవెన్ ఇందులకుఁ దగిన నిదర్శనము. దీనికి దర్శకుఁడు యోషినోరి కిటాసే. సంగీతకర్త నొబువో ఉయెమాత్సు. మూఁడు డిస్కుల యీ కథలో మొదటి డిస్కు ముగియుచుండఁగా, పూలమ్ముకొను కన్యగాఁ బ్రవేశించిన ఏరిత్ లోకరక్షణార్థము ప్రార్థించుచు సెఫిరోత్ ఖడ్గమునకు బలియగును. నాయకుఁడగు క్లౌడ్ ఆమె దేహమును జలమునందు విడుచును.

ఇచటఁ బూర్వపక్షులు కొంద ఱిట్లనవచ్చును: క్రీడాకారుఁడు పెక్కుగంటలు శ్రమించి ఆమె బలమును బెంచెను, ఆయుధములు సమకూర్చెను, అది యంతయు వ్యర్థమయ్యెనని వగచును. సరకు మునిఁగిన వర్తకుని దుఃఖమువంటి దీ దుఃఖము. రసాస్వాదమున నాది, పరునిది యను భేద ముండఁగూడదు గదా!

ఈ వాదము నిలువదు. ఆమెకుఁ దొడిగిన మటీరియా యను మహిమగల గోళములు మరణానంతరము క్రీడాకారునికే తిరిగి చేరును. పెంచిన బలము పోయినను, వేఱొక పాత్రయందుఁ బెంచుకొనవచ్చును. లోటు తీఱియు శోకము తీఱదు. కావున శోకహేతువు సొత్తు గాదు.

హేతువును వ్యాకరణమార్గమున నెఱుఁగవచ్చును. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే వండించెనన్నచో నిరువురును గర్తలే. వండినవాఁడు ప్రయోజ్యుఁడు, వండించినవాఁడు ప్రయోజకుఁడు. ప్రేరేపించువానికిఁ బాణిని హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలు నొసఁగెను. ఈ క్రీడయందుఁ గ్లౌడ్ ప్రయోజ్యుఁడు, క్రీడాకారుఁడు ప్రయోజకుఁడు. ఏరిత్ మరణమునకు ముందు క్లౌడ్ పరవశుఁడై ఆమెపైఁ గత్తి యెత్తును. అప్పుడు మీట నొక్కునది క్రీడాకారుఁడే. నొక్కిన కొలఁదిఁ గత్తి లేచును. వేఱొక పని చేయ వీలులేదు. సహచరులు కేక వేయఁగా నాయకుఁడు నిలుచును. అంతలో సెఫిరోత్ పైనుండి దిగును. స్వాతంత్ర్యమే కర్తృలక్షణము. ఆ స్వాతంత్ర్యము పోయినను జేయి మాత్రము కర్తదిగనే మిగిలినది. అందువలన నీ మమత స్వామిత్వజన్యము గాదు, కర్తృత్వజన్యము. ఈ కరుణ ప్రేక్షకుని కరుణకంటె భిన్నమైనను, రసపదవికి దూరము గాదు.

మఱియొక యాక్షేప మున్నది. యుద్ధమునఁ బడినవారిని ఫీనిక్స్ డౌన్ అను నౌషధము లేపుచుండఁగా, ఏరిత్ నేల లేపరాదు? యుద్ధనియమ ముత్సర్గము, ఈ మరణ మపవాదము. మాటిమాటికిఁ బ్రయోగించి యుత్సర్గమునకు నలవాటుపడిన చేతికే యపవాదము తీవ్రముగాఁ దగులును. అయినను, ఆ యపవాదమునకుఁ గారణమును గథలో నొక్క వాక్యముననైనఁ జెప్పకుండుట దోషమే యని యంగీకరింపవలెను.

ఈ దోషమును సంగీతము కొంత కప్పిపుచ్చినది. ఏరిత్ నిమిత్తము కూర్చిన రాగము ఆమె మరణముతో నాగక, వెంటనే సంభవించు యుద్ధమునందును వినవచ్చును. సాధారణయుద్ధవాద్యముల ఘోష యచట లేదు. చెవి శోకించుచుండఁ జేయి పోరాడవలెను. చూచుటకే పరిమితమైన నాటకమున నీ యనుభవమున కవకాశము లేదు. ఈ క్రీడాకథలను విమర్శింపఁబూనువారు నాటకలక్షణములతోఁ దృప్తిపడక, ప్రయోజకకర్త స్థితిని గూడఁ బరిశీలింపవలయును.