దేశం దాటిన బండి, నౌపడ దాటలేని బండి

2004లో జపాన్‌లో రోజులు చెల్లిన 103 సిరీస్ కరెంటు బండి పెట్టెలు పదహారు ఓడెక్కి జకార్తా చేరాయి. అదే ఏడు నౌపడ నుంచి గుణుపూర్ పోయే మా నేరోగేజ్ బండి ఆగిపోయింది. దానికి ఏ ఓడా రాలేదు.

103లో అందమేమీ లేదని ముందే చెప్పేస్తాను. 1963 నుంచి 1984 దాకా ఒకే మూసలో 3,447 పెట్టెలు పోతపోశారు. పెట్టెకి ఒక్కో పక్క నాలుగేసి తలుపులు, కిటికీల వారన పొడుగు బల్లలు, నడుమంతా నిలబడేవాళ్లకే. స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఆగి, వెంటనే లేవడానికి కుదిర్చిన మోటారు అది. స్టేషన్లు దూరంగా ఉన్న లైన్లలోనూ దాన్నే తోలారు. అక్కడ దాని రొద ఎక్కువ, కరెంటు ఖర్చూ ఎక్కువ. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి: లైనుకో రంగు. యమనొతెకి లేతాకుపచ్చ, చువోకి నారింజ, సోబుకి పసుపు. అక్షరం రానివాడికీ తన బండేదో తెలిసిపోతుంది.

మా బండిది వేరే పుట్టుక. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన లైను. నౌపడలో పెద్దలైను దిగి, ఉప్పుమళ్ల గాలి వదలకముందే ఇందులోకి మారితే టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. ఎదురుగా కూర్చున్నాయన మోకాళ్లు మన మోకాళ్లకి తగులుతాయి. ఊరేదో, ఎవరి తాలూకో అడక్కుండా ఎలా ఉంటాం? 103లో వేలమంది భుజాలు రాసుకున్నా ఆ మాట పుట్టదు. అలాగని పాత బండిని నెత్తికెత్తుకోను. పని తొందరున్నవాడు బస్సెక్కేవాడు.

రెండింటి గతినీ తేల్చింది పట్టాల ఎడమే. జపాన్‌లో 103 తిరిగిన లైన్లలోనూ జకార్తాలోనూ అది 1,067 మిల్లీమీటర్లు. పైతీగలో కరెంటు కూడా రెండుచోట్లా 1,500 వోల్టుల డీసీయే. అందుకే పరాయి దేశంలోనూ చక్రం తిరిగింది. జపాన్‌లో బండికి కాలం తీరినా లైను ఉండిపోయింది. ఒసాకా వలయం లైనులో 2017 దాకా 103లు తిరిగాయి, వాటి చోటికి వేరేవి వచ్చాయి. ఇక్కడ పట్టాలే పీకేశారు. 762 మిల్లీమీటర్ల బండి బ్రాడ్‌గేజ్ మీద నిలబడదు కదా! 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపూర్‌కి రైలు తిరిగొచ్చింది, వచ్చింది పెద్దబండి.

ఇప్పుడు మేం విశాఖ పోవడానికి ఎక్కే పలాస మెమూ 103కి వరసకి తమ్ముడే. ఇంజను వేరుగా ఉండదు, మోటార్లు పెట్టెల కిందే. తలుపులు మాత్రం అన్నలా వాటంతటవి మూసుకోవు. గుమ్మంలో ఒకాయన పనసకాయని కాళ్ల మధ్య ఇరికించుకుని గాలికి కూర్చుంటాడు. ఈ బండి ముసలిదైతే ఎక్కడికి పంపుతారో మరి. పక్కనున్న శ్రీలంక పట్టాలు సరిగ్గా మన వెడల్పే, కాని వాటి మీద కరెంటు తీగ లేదు.