విస్తళ్ళ లెక్క, చుట్టాల లెక్క

మా డేటా ఉద్యోగాల్లో అందరూ తేలిగ్గా అడిగేసే అంకె ఒకటుంది: ‘గత ఏడు రోజుల కన్వర్షన్ ఎంత?’ యాప్‌లోకి వచ్చినవాళ్ళలో కొన్నవాళ్ళెందరని. సర్వర్ లాగ్‌లో యూజర్ ఐడీ, చేసిన పని, సమయం అన్నీ ఉంటాయి. ఇక మిగిలింది భాగహారమే కదా అనిపిస్తుంది.

రోజువారీ శాతాలు కూడి సగటు తీసేవాళ్ళే ఎక్కువ. సోమవారం 100 మంది వచ్చి 10 మంది కొన్నారు, పది శాతం. ఆదివారం 1,000 మంది వచ్చి 20 మంది కొన్నారు, రెండు శాతం. సగటు ఆరని స్లైడులోకి ఎక్కించేస్తారు. నిజానికి 1,100 మందిలో 30, అంటే 2.7 శాతం. అదైనా ఆ రెండు రోజుల్లో వచ్చినవాళ్ళు వేర్వేరు మనుషులైతేనే.

అసలు చిక్కంతా అక్కడే. పెళ్ళింట్లో మూడు పూటలూ భోంచేసిన బాబాయి విస్తళ్ళ లెక్కలో ముగ్గురు. ఏ రోజుకారోజు యూజర్లెందరో కచ్చితంగా తెలిసినా, ఏడు అంకెలూ కూడితే వారం లెక్క రాదు. ప్రతి తేదీకీ వెనక్కి ఏడు రోజులు చూసి మనుషుల్ని మళ్ళీ మొదటినుంచి ఏరాల్సిందే. విండో ఫంక్షన్‌తో కానిచ్చేద్దామంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అందులో డిస్టింక్ట్‌ను, అంటే ఒక్కో మనిషినీ ఒక్కసారే లెక్కించడాన్ని, ఒప్పుకోదు. తేదీల టేబుల్‌తో లాగ్‌ను జాయిన్ చేసి, ఒక్కో వరసనూ ఏడు తేదీల కింద వేసుకోవాలి. డేటా ఏడింతలవుతుంది, క్లౌడ్ బిల్లూ ఊరుకోదు.

కోట్లమంది యూజర్లున్నచోట ఫిలిప్ ఫ్లాజొలె బృందం 2007లో ప్రకటించిన హైపర్‌లాగ్‌లాగ్ అనే అంచనా పద్ధతి ఆదుకుంటుంది. రోజుకో చిన్న స్కెచ్ దాచుకుని ఏడింటినీ కలిపితే చాలు, మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళు ఒక్కరుగానే లెక్కకొస్తారు. కాకపోతే రెండు శాతం అటూ ఇటూ అవుతుంది. 2.7 కాస్తా 2.75 అయిందని పండగ చేసుకునే ఆఫీసుల్లో దాన్ని నేను వాడను.

ఇంకో మెలిక, లాగ్‌లు చాలాచోట్ల యూటీసీలో పడతాయి. మనకు తెల్లవారి అయిదున్నరైతేగాని అక్కడ తేదీ మారదు. వేకువన జరిగిన కొనుగోలు నిన్నటి ఖాతాలోకి పోతుంది.

కొనుగోలును యూజర్ మొదట వచ్చిన రోజు కింద రాసే పద్ధతైతే గ్రాఫ్ తోక ఎప్పుడూ వాలే ఉంటుంది. నిన్న వచ్చినవాళ్ళు ఇంకా ఆలోచించుకుంటున్నారు మరి. అందుకే చివరి వారాన్ని చుక్కల గీతగా గీస్తాను. మీటింగులో ముందుగా వేలు పెట్టేది దానిమీదే.