ముప్పై భాషల తూకం

అమెరికా భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో 30 భాషల వాక్యాలను పోల్చి 45 సూత్రాలు చెప్పారు. క్రియ చివర వచ్చే భాషల్లో 'మీద', 'కింద' వంటి మాటలు దాదాపు ఎప్పుడూ నామం తర్వాతే వస్తాయన్నది ఒకటి. మన గోండి, తెలుగు ఇలాంటివే.

ఆయన తూకంలో హిందీ, ఆఫ్రికాలోని మసాయి సమానమే. మాట్లాడేవాళ్ల సంఖ్య చూడలేదు. ఇది మెచ్చదగ్గ పద్ధతి. లోటల్లా ఎంపికలో ఉంది. ద్రావిడ భాషల్లో కన్నడ ఒక్కటే తీసుకున్నారు. సవర వంటి ముండా భాష ఒక్కటీ లేదు. గిడుగు రామమూర్తి గారి సవర వ్యాకరణ గ్రంథం 1931లోనే అచ్చయింది.

"మీ భాషకు వ్యాకరణం లేదు" అనేవాళ్లకు జవాబు బడిలోనే ఉంది. పిల్లలచేత ఇంటి భాషలో పది వాక్యాలు రాయించండి. క్రియ ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి.