పంచభూత చికిత్స: ఆకర్షణము, ప్రామాణ్యము

గాంధీజీ 1942లో పూనా ఆగాఖాన్ భవనమున బందీగా నున్నప్పుడు గుజరాతీలో రచించిన 'ఆరోగ్యనీ చావీ' చిన్న పుస్తకము. దీనిని భక్తితో తలదాల్చినవారును, శాస్త్రము కాదని త్రోసిపుచ్చినవారును కలరు. ఈ రెండు మార్గములును గ్రంథమునకు న్యాయము చేయవని మా అభిప్రాయము. ఇందలి ఆకర్షణము వేఱు, ప్రామాణ్యము వేఱు.

ఆకర్షణము కూర్పునందే యున్నది. మన్ను, నీరు, ఆకాశము, తేజము, గాలి అనునవి చికిత్సాభాగమున ప్రకరణములు. మట్టిపట్టీ జర్మనీ దేశీయుడైన యూస్ట్ వలనను, తొట్టిస్నానము కూనే వలనను గ్రహింపబడినవి. అయినను పంచభూతముల పేర చేరగానే అవి భారతీయ పాఠకునకు తాతలనాటి సొత్తువలె తోచును. రోగి ఇట సాధకుడగును, దేహమే స్వరాజ్యరంగమగును. 1909 నాటి 'హింద్ స్వరాజ్'లో వైద్యులు అమితభోగమునకు తోడ్పడుదురని ఆక్షేపించిన భావమునకే ఇది ఆచరణరూపము.

ఇక ప్రామాణ్యము. సేవాగ్రామమున తేలుకాటునకు తెలిసిన చికిత్సలన్నియు చేసిచూచితిమనియు, ఏదియు అమోఘము కాదనియు, మట్టిచికిత్స మాత్రము వేనికిని తీసిపోదనియు గ్రంథకర్త చెప్పెను. ఈ నిజాయితీ ప్రశంసనీయము. కాని దీనివలన మట్టికి గుణమున్నదని తేలదు. తేలుకాటు బాధ చాలమందికి దానంతటదియే శమించును. అట్టిచోట పనిచేయని చికిత్సలన్నియు సమానముగనే ఫలించినట్లు కనబడును. ప్రాణాపాయము కొందఱికే, విశేషించి పిల్లలకు, గుండెపై విషప్రభావము వలన కలుగును. కొంకణమున గ్రామవైద్యుడైన హిమ్మత్‌రావ్ బావస్కర్ అట్టివారినే పరిశీలించి, 1980ల దశకమున ప్రాజోసిన్ అను మందు ఉపయోగమును నిరూపించెను. ఇరువురును గ్రామీణులనే సేవించిరి. భేదమంతయు పరీక్షా పద్ధతిలో నున్నది.

అంతకంటె గంభీరమైన చిక్కు వేఱొకటి కలదు. జీవితపు చివరి యేండ్లలో గాంధీజీ రామనామమే పరమౌషధమని బోధించెను. నయము కాకున్న విశ్వాసము చాలదన్న భావము అందులో ఇమిడియున్నది. ఈ న్యాయము నాయన తనకును వర్తింపజేసికొనెను. తాను రోగముతో మరణించినచో నిజమైన మహాత్ముడు కాడని చాటుమని మనుబెన్‌తో ననెను. తనపై నింత కఠినముగ నుండుట మహనీయమే. కాని ఆ కొలత జ్వరపీడితయగు పేదతల్లికి వర్తించినచో, రోగమునకు తోడు పాపభారమును ఆమెపై పడును. ఓటమి కెన్నడును తావీయని సిద్ధాంతమును పరీక్షించుట అసాధ్యము.

1924 జనవరిలో గాంధీజీ పూనా ససూన్ ఆసుపత్రిలో ఆంత్రపుచ్ఛ వ్యాధికి శస్త్రచికిత్స చేయించుకొనెను. సిద్ధాంతముకంటె జీవితము విశాలమనుట కిది నిదర్శనము. మితాహారమును, శుభ్రతను, నిగ్రహమును బోధించు గురువుగా ఈ గ్రంథము చిరకాలము పఠనీయము. రోగనివారణ విషయమున మాత్రము రచయిత శీలమును సాక్ష్యముగ గ్రహింపరాదు.