రెండు రాత్రులు, రెండు పగళ్లు

శుక్రవారము సాయంకాలమున చలనచిత్రాభిలాషుల బృందములు ఒకచోట సమావేశమై, తాము తీయవలసిన చిత్రము హాస్యమో, భయానకమో, అపరాధపరిశోధనమో చీటి తీసి తెలిసికొని, అందఱికిని సమానముగా నిర్ణయింపబడిన ఒక పాత్రను, ఒక వస్తువును, ఒక సంభాషణవాక్యమును మనసున నిలుపుకొని వెడలిపోవును. ఆ మూడింటిని ఇముడ్చుకొన్న నాలుగు నుండి ఏడు నిమిషముల చిత్రము ఆదివారము సాయంకాలమునకు సిద్ధము కావలెను. 2001లో వాషింగ్టన్ నగరమున మార్క్ రుపర్ట్, లిజ్ లాంగ్‌స్టన్ ప్రారంభించిన ‘48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్’ అను ఈ పోటీ పిమ్మట అనేక దేశములకు వ్యాపించినది. నటులను, పరికరములను, స్థలములను ముందుగా సమకూర్చుకొనవచ్చును గాని, కథ మొదలు కూర్పు వఱకు కల్పనకు సంబంధించిన పని యంతయు ఆ 48 గంటలలోనే జరుగవలెను.

అవధానసభలు చూచిన తెలుగువానికి, ఇచ్చినవానిని ఇముడ్చవలెనను నిబంధన వింతగా తోపదు. దత్తపదిలో పృచ్ఛకుడు ఇచ్చిన పదములు సమర్థుడైన అవధాని పద్యమున కరగిపోవును; అసమర్థుని పద్యమున అన్నములో రాళ్లవలె పంటికి తగులును. ఈ చిత్రములందు వస్తువు గతియు నట్టిదే. గొడుగు ఇచ్చినారని ఒక పాత్ర గొడుగు పట్టుకొని తెరపై నడచిపోయినంత మాత్రమున చాలదు. ఆ గొడుగు తీసివేసినచో కథ నిలువరాదు.

అనుభవజ్ఞులు కథ వ్రాసికొని స్థలము వెదకరు. దొరికిన స్థలమును చూచి కథ అల్లుదురు. ఇద్దఱు మనుష్యులు, ఒక గది, ఒక పూట జరుగు సంఘటన, ఇంతకు మించి ఆశింపరు. కిటికీలోనుండి గోడపై పడిన ఎండ మధ్యాహ్నమునకు నేలపైకి జాఱును గనుక, ఒక దిక్కునకు చూచు దృశ్యములన్నింటిని వరుసగా తీసికొని, ఆ పిమ్మటనే కెమెరాను త్రిప్పుదురు.

అన్నింటికంటె శ్రద్ధ చూపవలసినది శబ్దము. బొమ్మ కొంచెము మసకగా నున్నను ప్రేక్షకుడు సహించును గాని, మాట వినబడనిచో కథనే విడిచిపెట్టును. ఫ్యాను ఆపి, ఫ్రిజ్‌ను సైత మాపి, మరల పెట్టుట మఱవకుండుటకై కారు తాళపుచెవిని ఆ ఫ్రిజ్‌లోనే ఉంచు శబ్దగ్రాహకులు కలరు. తాళపుచెవి లేక ఎవ్వరును ఇల్లు చేరలేరు గదా! దృశ్యము ముగిసిన పిదప అందఱును కదలక నిలువగా, అర నిమిషము గదిలోని నిశ్శబ్దమును ముద్రించుకొందురు. ప్రతి గది నిశ్శబ్దమునకును తనదైన శ్రుతి కలదు. మాటకును మాటకును నడుమ దానిని పఱువనిచో అతుకులు చెవికి తెలియును.

కాలపు ఇఱుకు ఈ పోటీకే క్రొత్త కాదు; చలనచిత్రము పుట్టినదే అట్టి ఇఱుకున. 1895లో ల్యూమియేర్ సోదరులకు లభించిన కాలము, సుమారు 17 మీటర్ల రీలు తిరిగినంతసేపు, అనగా నిమిషములోపు మాత్రమే. ఏండ్ల తరబడి కథను సవరించుచు కెమెరా ముట్టని ఔత్సాహికులను నేనెఱుగుదును. వారికి కొఱవడినది ప్రతిభ కాదు, గడువు. ఆదివారము మధ్యాహ్నము, తాను మిక్కిలి మక్కువతో తీసిన దృశ్యము కథకు అడ్డుపడుచున్నదని గ్రహించి, చింతించుటకు తీఱిక లేక దానిని కోసివేసిన యువకుడు, ఆ గంటలో దర్శకుడగును.

ప్రదర్శన నాడు హాలులో కూర్చుండి చూడవలెను. ఒకే వాక్యము చిత్రమునకు ఒక నోట పలుకబడును: ఒకచోట బెదిరింపు, ఒకచోట వీడ్కోలు, మఱియొకచోట ముసలి తల్లి కొడుకునకు చెప్పు అబద్ధము. తరువాతి చిత్రమున అది ఎవరి నోట వచ్చునో యని జనులు ఊపిరి బిగబట్టి ఎదురుచూచుచుందురు.